విండోస్ 11కి మారాక డెస్క్‌టాప్ ఖాళీ, తెలుగు ఫాంట్లు సగం లేవు, ప్రింటర్ రావట్లేదు - ఫార్మాట్ కొట్టించాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేటలో చిన్న డీటీపీ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు. పోయిన సోమవారం టెక్నీషియన్‌ని పిలిపించి కొత్త కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి విండోస్ 11 ప్రోకి అప్‌గ్రేడ్ చేయించాం. ఫార్మాట్ చెయ్యట్లేదు, డేటా ఎక్కడికీ పోదు అన్నాడు. తీరా ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలు లేదు. డాక్యుమెంట్స్ కూడా ఖాళీ. డీ డ్రైవ్‌లోవి మాత్రం ఉన్నాయి. వర్డ్‌లో తెలుగు ఫాంట్లు సగమే కనిపిస్తున్నాయి, అందులోనూ ఎప్పుడో కంప్యూటర్ కొన్నప్పుడు వేసినవి ఉన్నాయి, ఈ మధ్య వేసుకున్నవి లేవు.

రెండో కంప్యూటర్ పాతది, విండోస్ 10లోనే ఉంది. అందులో జాబ్స్ ఫోల్డర్ షేర్ చేసి ఉంటుంది, పాస్‌వర్డ్ ఏమీ లేదు, ఇన్నాళ్లూ నొక్కగానే తెరుచుకునేది. ఇప్పుడు మీ సంస్థ భద్రతా నియమాలు గెస్ట్ యాక్సెస్‌ని అడ్డుకుంటున్నాయి అని ఇంగ్లీషులో వస్తోంది. ఏ సంస్థో అర్థం కాలేదు, షాపులో ఉండేది నేనూ మా ఆవిడే. ప్రింటరు ఆ పాత కంప్యూటర్‌కి యూఎస్‌బీతో ఉంది, షేరింగ్‌లో వాడుకుంటాం, దాన్ని కలపబోతే చివర 11బి అని ఉన్న ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది.

మాఘమాసం ముహూర్తాలు, శుభలేఖల ఆర్డర్లు మీద ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. టెక్నీషియన్ ఫార్మాట్ చేసి మళ్లీ 10 వేసేస్తా అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు:

ముందు ఆ ఫార్మాట్ ఆపించండి. మీ ఫైళ్లు పోలేదని నాకు గట్టిగా అనిపిస్తోంది, కానీ ఫార్మాట్ చేస్తే మాత్రం నిజంగానే పోతాయి.

రెండు విషయాలు చూసి చెప్పండి. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు లాగిన్ తెర మీద వచ్చే పేరు పాత పేరేనా, వేరేదా? తర్వాత సీ డ్రైవ్ తెరిచి యూజర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లండి, అక్కడ పబ్లిక్ కాకుండా ఇంకా ఏ పేర్లతో ఫోల్డర్లు ఉన్నాయో రాయండి. అప్పటిదాకా డిస్క్ క్లీనప్ లాంటివి ఏవీ నడపొద్దు, స్పేస్ ఖాళీ చెయ్యమని అడిగినా వద్దనండి.

ఇంకొకరు:

ఇది వన్‌డ్రైవ్ పని కూడా అయి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు బ్యాకప్‌కి ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు నీలం మేఘం గుర్తు నొక్కి చూడండి.

ప్రశ్న అడిగినవారు:

వన్‌డ్రైవ్‌లో చూశాను, అక్కడా ఖాళీనే. యూజర్స్‌లో రెండు ఫోల్డర్లు ఉన్నాయి అన్నా. ఒకటి మా షాపు పేరుతో పాతది, ఇంకోటి మెయిల్ ఐడీలోని మొదటి అయిదు అక్షరాలతో ఉంది. పాతదాని మీద నొక్కితే మీకు అనుమతి లేదు, కంటిన్యూ అంటావా అని అడుగుతోంది. లాగిన్‌లో వచ్చేది కూడా మెయిల్ పేరే.

జవాబు:

దొరికింది. అప్‌గ్రేడ్ మీ ఫైళ్లను ముట్టుకోలేదు. అది అయ్యాక టెక్నీషియన్ మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్త యూజర్‌ని తయారు చేసి అందులోకి వెళ్లాడు, మెయిల్ ఐడీ ముక్కతో ఫోల్డర్ ఉందంటేనే తెలిసిపోతోంది. ప్రతి యూజర్‌కీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ వేరువేరుగా ఉంటాయి. పక్క వాటాలోకి వెళ్లి మన బీరువా ఏదని వెతికినట్టయింది, అంతే.

కంటిన్యూ నొక్కకండి, అవసరం లేదు. స్టార్ట్ మెనూలో మీ పేరు మీద నొక్కి సైన్ అవుట్ అవ్వండి. లాగిన్ తెరలో కింద ఎడమ మూలన రెండు పేర్లూ కనిపిస్తాయి, షాపు పేరు ఎంచుకుని పాత పాస్‌వర్డ్‌తో రండి. డెస్క్‌టాప్ ఎలా వదిలారో అలా ఉండాలి. ఇక అందులోనే పని చేసుకోండి. సోమవారం నుంచి కొత్త యూజర్‌లో టైపు చేసినవి ఏమైనా ఉంటే ముందే డీ డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త యూజర్‌ని ఇప్పుడే తీసెయ్యొద్దు, తీసేస్తే దానిలోని ఫైళ్లూ దానితోపాటే పోతాయి.

ఫాంట్ల సంగతీ దీని నుంచే వచ్చింది. మొదట్లో వేసినవి ఉండి, తర్వాత వేసినవి లేకపోవడమే దీనికి ఆనవాలు. ఒకప్పుడు విండోస్‌లో ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే అందరు యూజర్లకీ వెళ్లేది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, ఫాంట్ మీద మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది. అది వెళ్లేది కూడా మనకు తెలిసిన విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాదు, యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటా, అందులో లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్, అక్కడికి. అందుకే పాత యూజర్‌లోకి వెళ్లగానే అన్నీ కనిపిస్తాయి.

అయినా మీది డీటీపీ పని కాబట్టి ఒకసారి శాశ్వతంగా సరిచేసుకోండి. పాత యూజర్‌లో ఉండగా ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ పెడితే యాప్‌డేటా కనిపిస్తుంది. పైన చెప్పిన ఫాంట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌కి కాపీ చేసి, అక్కడ అన్నీ సెలెక్ట్ చేసి కుడి క్లిక్‌లో ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అన్నది నొక్కండి. అది కనిపించకపోతే షో మోర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. ఒక్క యూజర్‌కే వేసిన ఫాంట్లు కొన్ని పాత ప్రోగ్రాములకు అసలు కనిపించవు, ఆ తలనొప్పి కూడా దీంతో పోతుంది. ఆ డీ డ్రైవ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచుకోండి, ఎవరి దగ్గరో తెచ్చుకున్న పాత తెలుగు ఫాంట్ పోతే మళ్లీ దొరకడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:

అన్నీ ఉన్నాయి అన్నా!! డెస్క్‌టాప్ మీద అప్‌గ్రేడ్‌కి ముందు చేసిన పెళ్లి కార్డు ప్రూఫ్‌తో సహా. ఫాంట్లు కూడా వచ్చేశాయి, మీరు చెప్పినట్టే అందరికీ వేశాను. చాలా చాలా థ్యాంక్స్. షేరింగ్, ప్రింటర్ మాత్రం ఈ యూజర్‌లోనూ అలాగే ఉన్నాయి.

వేరొకరు:

షేరింగ్‌కి, ప్రింటర్‌కి యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు ఉన్నాయి బ్రో. విండోస్ లోపలి సెటింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేస్తే ఆ 11బి ఎర్రర్ పోతుంది. గెస్ట్ యాక్సెస్‌కి విండోస్ నియమాలు మార్చే గ్రూప్ పాలసీలో ఒకటి ఎనేబుల్ చెయ్యాలి. నేను మా నెట్ సెంటర్‌లో అలాగే చేశాను, ఐదు నిమిషాల పని.

జవాబు:

ఆ రెండూ పని చేస్తాయి, కాదనను. కానీ అవి తలుపు గడియ పీకేసి తలుపు తెరుచుకుంది అనుకోవడమే. బయటివాళ్ల పెన్‌డ్రైవ్‌లు రోజూ పెట్టే షాపుల్లో, ఆధార్ కాపీలూ బ్యాంకు పాస్‌బుక్కులూ స్కాన్ చేసే చోట వాటిని వద్దనే చెబుతాను. సరైన పద్ధతికి పావుగంట ఎక్కువ పడుతుంది, మళ్లీ దాని జోలికి వెళ్లే పని ఉండదు.

ముందు ఫోల్డర్ సంగతి. పాస్‌వర్డ్ లేకుండా నెట్‌వర్క్‌లో ఫోల్డర్ తెరవడాన్నే గెస్ట్ యాక్సెస్ అంటారు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి దాన్ని మొదటి నుంచే ఆపి ఉంచుతున్నారు, సైనింగ్ అని ఇంకో తనిఖీ కూడా తప్పనిసరి చేశారు. వైరస్ ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పాకడానికి ఇలాంటి తాళం లేని షేరింగ్ ఒక దారి. సంస్థ అన్న మాట చూసి కంగారు పడకండి, ఆ మెసేజ్ ఆఫీసుల కోసం రాసింది, ఇంట్లో వాడే కంప్యూటర్లలోనూ అలాగే వస్తుంది.

ఇప్పుడు పాత కంప్యూటర్ దగ్గర కూర్చోండి. సెటింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి కొత్త లోకల్ యూజర్‌ని తయారు చేయండి, మైక్రోసాఫ్ట్ ఖాతా అక్కర్లేదు. పేరు pani అనుకుందాం, ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. పాస్‌వర్డ్ తప్పనిసరిగా పెట్టాలి, ఎందుకంటే పాస్‌వర్డ్ లేని ఖాతాని విండోస్ నెట్‌వర్క్ మీద నుంచి రానివ్వదు, చాలామంది ఇక్కడే ఆగిపోయి షేరింగ్ పాడైంది అనుకుంటారు. తర్వాత జాబ్స్ ఫోల్డర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, షేర్ నొక్కి ఆ pani యూజర్‌ని చేర్చి రీడ్/రైట్ ఇవ్వండి. ఎవ్రీవన్ అని ఉంటే తీసెయ్యండి.

ఇక విండోస్ 11 వైపు. కంట్రోల్ ప్యానెల్‌లో, గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లు ఉండే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో పాత కంప్యూటర్ పేరుతో ఏదైనా ఉంటే తీసెయ్యండి. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ గడిలో \\ కొట్టి వెంటనే పాత కంప్యూటర్ పేరు కొట్టండి. యూజర్ పేరు అడిగినప్పుడు ఉత్తినే pani అని కొట్టొద్దు, ముందు పాత కంప్యూటర్ పేరు, ఒక \ గుర్తు, ఆ తర్వాత pani అని రాయాలి. లేకపోతే విండోస్ 11 ఆ యూజర్ని తనలోనే వెతుక్కునే అవకాశం ఉంది. రిమెంబర్ గడిలో టిక్ పెట్టండి.

ప్రింటర్‌కి వచ్చే 11బి ఎర్రర్ కొత్తది కాదు. 2021లో ప్రింట్ స్పూలర్‌లో, అంటే ప్రింట్లను వరుసగా పంపే విండోస్ భాగంలో, పెద్ద లోపం బయటపడ్డాక, ఆ ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్ల నుంచి షేర్ చేసిన ప్రింటర్ల దగ్గర తనిఖీ బిగించారు. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి కలవకపోతే ఇది వస్తుంది. కాబట్టి ముందు రెండింట్లోనూ అప్‌డేట్లు పూర్తిగా వేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

అప్పటికీ రాకపోతే, మీ ప్రింటర్ వెనక లాన్ కేబుల్ పెట్టే రంధ్రం ఉందా చూడండి, లేదా వైఫై ఉందా. ఉంటే దాన్ని నేరుగా రౌటర్‌కి కలపండి, షేరింగ్ గొడవే ఉండదు, పాత కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ప్రింట్ వస్తుంది. నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా మంచిది.

యూఎస్‌బీ ఒక్కటే ఉంటే ఇలా చేయండి. ముందు ఆ మోడల్‌కి విండోస్ 11 డ్రైవర్‌ని, అంటే ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, కంపెనీ సైట్ నుంచి తెచ్చి ఇన్‌స్టాల్ చేయండి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్ నొక్కి, కాసేపు వెతకనిచ్చి, యాడ్ మాన్యువల్లీ అని వస్తే నొక్కండి. అందులో లోకల్ ప్రింటర్ చేరుస్తాను అన్న చివరి ఆప్షన్, తర్వాత క్రియేట్ ఏ న్యూ పోర్ట్, రకం లోకల్ పోర్ట్. పోర్ట్ పేరు గడిలో \\ పాత కంప్యూటర్ పేరు, \, ప్రింటర్ షేర్ పేరు, మధ్యలో ఖాళీలు లేకుండా. షేర్ పేరులో స్పేస్ ఉంటే ముందే మార్చి ఒకే మాటగా పెట్టుకోండి. తర్వాత డ్రైవర్ ఎంచుకుంటే అయిపోతుంది. జాబ్స్ ఫోల్డర్ ముందు తెరుచుకున్నాకే ఇది చేయండి, ఆ లాగిన్ లేకుండా ఇది కూడా నడవదు.

ఖమ్మం నుంచి ఒక టీచర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, నాదీ ఫాంట్ సమస్యే. నా లాప్‌టాప్‌లో మాత్రం ఫార్మాట్ చేసే విండోస్ 11 వేశారు. పాత ప్రశ్నపత్రాలన్నీ గౌతమి ఫాంట్‌లో ఉన్నాయి. తెలుగు చదవడానికి వస్తోంది, కానీ రెండు పేజీల పేపర్లు కొన్ని మూడో పేజీకి జారిపోతున్నాయి.

జవాబు:

మీ లాప్‌టాప్‌లో గౌతమి లేదు, వర్డ్ దాని బదులు నిర్మల యూఐతో చూపిస్తోంది. అక్షరాల ఎత్తు, వరుసల మధ్య దూరం తేడా ఉండటంతో పేజీలు జారుతున్నాయి. గౌతమి, వాణి ఫాంట్లను విండోస్ 10 నుంచి విడిగా ఒక ఐచ్ఛిక భాగంగా పెట్టారు. సెటింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, వ్యూ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌ని టిక్ పెట్టి వేసుకోండి. ఉచితమే, నెట్ ఉంటే చాలు. ఫైళ్లలో ఏమీ మార్చకండి, ఫాంట్ వచ్చాక తెరిస్తే పాత పేజీలే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:

ఫోల్డర్ తెరుచుకుంది. ప్రింటర్ అప్‌డేట్లతో రాలేదు, లోకల్ పోర్ట్‌తో వచ్చింది, ఇప్పుడే రెండు కార్డులు తీశాను. ఒక్క అనుమానం. ఇంకో నెలకి ఏదైనా తేడా వస్తే 10కి వెనక్కి పోవచ్చా? రెండో కంప్యూటర్‌కి 11 ఎక్కదని టెక్నీషియన్ చెప్పాడు, దాన్ని ఏం చేయాలి?

జవాబు:

నెల ఆగితే కుదరదు. సెటింగ్స్‌లో సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అన్నది అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల వరకే ఉంటుంది. సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే పెద్ద ఫోల్డర్ ఉందే, అదే మీ పాత విండోస్, గడువయ్యాక అది తీసేయబడుతుంది. అందుకే క్లీనప్ వద్దన్నాను. పైగా అప్‌గ్రేడ్ తర్వాత చేర్చిన కొత్త యూజర్ ఉంటే వెనక్కి వెళ్లనివ్వదు, ముందు ఆ ఖాతా తీసెయ్యమంటుంది, మీ మెయిల్ పేరు ఖాతా అదే. కాబట్టి ఈ వారంలో మీరు వాడే ప్రతి ప్రోగ్రామూ తెరిచి, స్కానర్ పెట్టి, ఒక పాత జాబ్ మొదటి నుంచి చివరి దాకా నడిపి చూడండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ (పెడితేనే ప్రోగ్రామ్ నడిచే చిన్న పరికరం) ఉంటే దాన్ని మర్చిపోవద్దు. లాక్ గుర్తుపట్టకపోతే విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్‌లో దానికి సరిపడని డ్రైవర్ పేరు కనిపించొచ్చు, ఆ పేరు చెప్పి అమ్మినవాళ్లనే కొత్త డ్రైవర్ అడగండి.

రెండో కంప్యూటర్‌కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ గానీ ప్రాసెసర్ గానీ సరిపోక ఉంటుంది. బలవంతంగా ఎక్కించే ఉపాయాలు ఉన్నా షాపు మెషిన్ మీద ఆ ప్రయోగం వద్దు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, 22హెచ్2 వెర్షన్ ఉంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకం ఉంది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. దానికి మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది, కానీ దానికోసం కొత్త యూజర్‌ని చేయించొద్దు, ఉన్న యూజర్‌లోనే మీరు దగ్గరుండి ఆ ఖాతా ఇవ్వండి. అది అయ్యాక జాబ్స్ ఫోల్డర్‌ని కొత్త కంప్యూటర్‌కి మార్చుకుని, పాతదాన్ని ప్రింటింగ్‌కి మాత్రమే ఉంచుకోండి.