ఫోన్ ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?

ప్రశ్న:
నమస్కారం. ఆరేళ్లుగా వాడుతున్న ఫోన్‌ను ఇక మార్చక తప్పడం లేదు. ఇంచుమించు ఒకే ధరలో ఉన్న రెండు ఫోన్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మొదటిదానిలో వేగవంతమైన ప్రాసెసర్, 12 జీబీ ర్యామ్, 108 మెగాపిక్సెల్ కెమెరా ఉన్నాయి గానీ, దానికి 2 ఆండ్రాయిడ్ వెర్షన్లు మాత్రమే ఇస్తామని తయారీదారు చెబుతున్నారు. రెండోదాని ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువది, ర్యామ్ 8 జీబీ, కెమెరా 50 మెగాపిక్సెల్. అప్‌డేట్లు మాత్రం 6 ఏళ్లు ఇస్తారట. నేను ఆటలు ఆడను. ఫోన్ మాట్లాడడం, సందేశాలు, బ్యాంకు పనులు, పిల్లల ఫొటోలు, ఇంతే నా వాడకం. కొన్న ఫోన్‌ను పూర్తిగా పాడయ్యేదాకా వాడతాను. ఏది తీసుకోమంటారు?

మొదటి సమాధానం:
మీరు చివర్లో రాసిన మాటలోనే జవాబు ఉంది. పాడయ్యేదాకా వాడేవారు రెండో ఫోన్ తీసుకోవడమే మంచిది. హార్డ్‌వేర్ ముఖ్యం కాదని నేను అనను, కానీ అది మన అవసరానికి సరిపడా ఉన్న తర్వాత, ఆపైన ఎంత ఉన్నా మీవంటి వాడకంలో పెద్దగా తేడా తెలియదు; సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన రోజు మాత్రం అందరికీ తెలుస్తుంది. నా పాత ఫోన్ అద్దం మీద గీత కూడా పడలేదు, బ్యాటరీ సాయంత్రం దాకా నిలిచేది. అయినా ఒక ఉదయం బ్యాంకు యాప్ తెరిస్తే, ఈ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో ఈ యాప్ ఇకపై పనిచేయదన్న ఒక్క వాక్యం కనిపించింది. చెక్కుచెదరని ఫోన్‌ను ఆ కారణంగానే పక్కన పెట్టవలసి వచ్చినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

2013లో వచ్చిన రెండు ఫోన్లను పోల్చి చూడండి. నోకియా లూమియా 1020లో 41 మెగాపిక్సెల్ కెమెరా ఉండేది, ఆ రోజుల్లో అది అబ్బురమే. కానీ దాని విండోస్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు ఆదరణ తగ్గింది, తర్వాత వచ్చిన విండోస్ 10 మొబైల్ దానికి అందనే లేదు, 2019 చివరికి వాట్సాప్ కూడా ఆ వేదికను వదిలేసింది. అదే ఏడాది వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా భద్రతా అప్‌డేట్ అందింది.

కెమెరా అంకెలను చూసి తొందరపడకండి. 108 మెగాపిక్సెల్ సెన్సార్ సాధారణంగా 9 పిక్సెళ్లను కలిపి ఒకటిగా, 50 మెగాపిక్సెల్ సెన్సార్ 4 పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తాయి కాబట్టి, చివరకు రెండింటి నుంచీ మీ చేతికి వచ్చేది సుమారు 12 మెగాపిక్సెళ్ల ఫొటోయే. గూగుల్ 2018లో నైట్ సైట్ అనే సదుపాయాన్ని విడుదల చేసినప్పుడు, వెనుక ఒకే కెమెరా ఉన్న 2016 నాటి పిక్సెల్ ఫోన్ కూడా కేవలం అప్‌డేట్‌తో చీకట్లో స్పష్టమైన ఫొటోలు తీయడం మొదలుపెట్టింది.

రెండో సమాధానం:
నేను ఫోన్లు మరమ్మతు చేస్తాను. పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, అందులో ఒక లోటుంది. కొన్న తర్వాత మార్చుకోలేని భాగం ఏదో ముందు చూసుకోవాలి. బ్యాటరీ మార్చవచ్చు, డిస్‌ప్లే మార్చవచ్చు. స్టోరేజ్ చిప్‌ను మాత్రం మామూలు వాడకందారు మార్చుకోలేరు. ఫోన్ నత్తనడక నడుస్తోందంటూ నా దగ్గరకు తెచ్చేవాటిలో చాలావాటికి ప్రాసెసర్ బాగానే ఉంటుంది, స్టోరేజ్ మాత్రం దాదాపు నిండిపోయి ఉంటుంది. ఈఎంఎంసీ రకం స్టోరేజ్ ఒకసారికి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రకం రెండూ ఏకకాలంలో చేస్తుంది. వెనుక యాప్‌లు అప్‌డేట్ అవుతుండగా మీరు గ్యాలరీ తెరిస్తే ఆ తేడా వేలికి తెలుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేకొద్దీ స్టోరేజ్ మీద భారం పెరుగుతుంది కాబట్టి, 6 ఏళ్ల అప్‌డేట్లు ఇచ్చే ఫోన్‌లో బలహీనమైన స్టోరేజ్ ఉంటే ఆ హామీని మీరు పూర్తిగా అనుభవించలేరు. వర్చువల్ ర్యామ్ అని చెప్పేది కూడా స్టోరేజ్‌లో కొంత భాగాన్ని వాడుకోవడమే, దాన్ని నిజమైన ర్యామ్‌తో కలిపి లెక్కించకండి.

మరొక్క మాట. నెమ్మదించిన ప్రతి ఫోనూ ముసలిది కాదు. పాతబడిన బ్యాటరీ వల్ల ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా కొన్ని ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ అంగీకరించింది. అలాంటి ఫోన్లకు కొత్త బ్యాటరీ వేస్తే పాత వేగం తిరిగి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 6 ఏళ్లు అన్నది నేను కొన్న రోజు నుంచి లెక్కా? స్టోరేజ్ రకం ఎక్కడ తెలుస్తుంది?

మొదటి సమాధానం రాసినవారు:
మీరు కొన్న రోజు నుంచి కాదు. తయారీదారులు సాధారణంగా ఆ మోడల్ మొదట విడుదలైన తేదీ నుంచి లెక్కిస్తారు, అందువల్ల విడుదలై 2 ఏళ్లు గడిచిన ఫోన్ కొంటే మీకు మిగిలేవి 4 ఏళ్లే. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు, ఎన్నేళ్లు అన్నవి వేర్వేరు హామీలని గుర్తుంచుకుని, రెండింటినీ విడివిడిగా చూడండి. బ్యాంకు పనులు చేసేవారికి రెండోది మరీ ముఖ్యం. స్టోరేజ్ రకం తయారీదారు ఇచ్చే వివరాల పట్టికలో ఉంటుంది. అక్కడ జీబీల లెక్క మాత్రమే ఇచ్చి రకం చెప్పకపోతే, అడిగి తెలుసుకున్నాకే కొనండి. వీలైతే ప్రదర్శనకు ఉంచిన ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. అయితే ప్రదర్శన ఫోన్‌ను చాలాకాలంగా అప్‌డేట్ చేయకుండా ఉంచి ఉండవచ్చు కాబట్టి, ఆ ఒక్క తేదీతోనే నిర్ణయానికి రాకండి.

ప్రశ్న అడిగినవారు:
చూసి వచ్చాను. రెండో ఫోన్ విడుదలై 8 నెలలైంది, స్టోరేజ్ యూఎఫ్ఎస్ రకమే. 256 జీబీ ఉన్నదాన్ని తీసుకుంటున్నాను. మీరు చెప్పిన చోట నా పాత ఫోన్‌లో కూడా చూశాను. చివరి సెక్యూరిటీ ప్యాచ్ 3 ఏళ్ల కిందటిది. ఇన్నాళ్లూ బ్యాంకు లావాదేవీలన్నీ దానితోనే చేశాను. కొత్తది చేతికి వచ్చేదాకా ఆగకుండా, ఆ యాప్‌ను ఈ రాత్రికే తొలగిస్తున్నాను.