వంగిన మెడ వ్యాయామంతో సరవుతుందా?

రాత్రిషిఫ్ట్: రోజూ తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ ముందే. మెడ ముందుకొచ్చింది, భుజాలు ముడుచుకున్నాయి. "గూని వస్తోందిరా" అని అమ్మ ఒకటే గోల. మూడు వారాలుగా చిన్ టక్స్ (గడ్డం వెనక్కి లాగే వ్యాయామం) చేస్తున్నా, ఆకారం మారలేదు. మానేయనా?

గోడకుర్చీ: మానకు తమ్ముడూ. మూడు వారాలు ఏ మూలకి? గడ్డం కిందికి దించుతున్నావేమో చూసుకో, వెనక్కి లాగాలి. ఛాతీ కండరాలు బిగుసుకుని, మెడ లోపలి కండరాలు బలహీనపడతాయి. చెక్ దేశపు డాక్టర్ యాండా దీనికే అప్పర్ క్రాస్డ్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. రబ్బరు బ్యాండు కిటికీ ఊచకి కట్టి, వీపు మీది రెక్క ఎముకలు దగ్గరయ్యేలా లాగు. ఫోన్‌లోకి వంగితే మెడ మీద 27 కిలోల బరువట!

లెక్కలమాస్టారు: ఆ 27 కిలోలు 2014లో హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ కంప్యూటర్ మోడల్లో వేసిన లెక్క. అదీ 60 డిగ్రీలు వంగితే. మనుషుల మీద కొలిచింది కాదు.

గోడకుర్చీ: లెక్క తప్పని తేలితే నొప్పి పోతుందా మాస్టారూ?

లెక్కలమాస్టారు: నొప్పికీ వంపుకీ మీరనుకునేంత సంబంధం లేదంటున్నా. మా నాన్న నలభై ఏళ్లు గుంట మగ్గం మీద వంగి నేశారు. ఏనాడూ మెడనొప్పి అనలేదు. నిటారుగా నిలబడి పాఠాలు చెప్పిన నాకే మెడ పట్టేస్తోంది.

చాయ్‌బిస్కట్: ముందు ఇద్దరూ నిటారుగా కూర్చుని పోట్లాడుకోండి.

గోడకుర్చీ: "అనలేదు" అంటే నొప్పి లేదనా? మా అమ్మా అనలేదు. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. చెయ్యి తిమ్మిరెక్కి చాట జారిపడ్డాక డాక్టరు దగ్గరికెళ్తే, మెడలో నరం నొక్కుకుపోయిందన్నారు. ఏసీ గదిలో కూర్చుని లెక్కలు చెప్పడం తేలికే.

లెక్కలమాస్టారు: నాది ఏసీ గది కాదు, రేకుల షెడ్డు బడి. ఒకచోట నన్ను పక్కనుంచి ఫోటో తీసి, మీద గీతలు గీసి, "మీ మెడ నిటారు చేస్తాం" అని పన్నెండు వేలు తీసుకున్నారు. గీత మారింది, నొప్పి మారలేదు. నా మంట ఆ "సరిచేస్తాం" అనే మాట మీద. బ్యాండు లాగితే బలం వస్తుంది, నొప్పీ తగ్గొచ్చు. కాదన్నానా?

గోడకుర్చీ: ఆ ముక్క మొదటే అనుంటే ఇంత గొడవ లేదు. తమ్ముడూ, ఇంతకీ నొప్పి ఎక్కడ? చేతుల్లో తిమ్మిరి ఉంటే మాత్రం ముందు డాక్టరు.

రాత్రిషిఫ్ట్: నొప్పేం లేదన్నా. సంబంధాలకి పంపే ఫోటోలో గూని కనిపిస్తోందని అమ్మ బాధ.

లెక్కలమాస్టారు: ఎదురుగా నిలబడి తీయించుకో.