ఆన్-ఇయర్ హెడ్‌ఫోన్‌ చెవులను నొక్కకుండా సర్దుకోవడం ఎలా?

చెవిని పూర్తిగా కప్పకుండా, చెవి డొప్పపైనే ఆనుకొని ఉండే ఆన్-ఇయర్ హెడ్‌ఫోన్‌ నేను వాడుతున్నాను. దాని ధ్వని ఎంతో ఇష్టం కనుక వేరొకటి కొనే ఉద్దేశం లేదు. అయితే కొంతసేపు పెట్టుకునేసరికి చెవి డొప్పలు నొప్పి పుడుతున్నాయి. కళ్లజోడు ఉన్నప్పుడు దాని కాడకూ హెడ్‌ఫోన్‌ మెత్తకూ మధ్య చెవి నలిగి ఆ బాధ మరింత ఎక్కువవుతోంది.

బిగువు తగ్గడానికి హెడ్‌ఫోన్‌ను తలకంటే కాస్త వెడల్పైన పుస్తకాల దొంతరకు తొడిగి రాత్రంతా ఉంచమని చాలామంది చెబుతారు. తలపై ఉండే పట్టీ లోహపుదైతే దాన్ని కొద్దికొద్దిగా వంచవచ్చు గాని, నాది పూర్తిగా ప్లాస్టిక్ కావడంతో పగులుతుందేమోనని భయంగా ఉంది. ఇలాంటి పట్టీని సురక్షితంగా వదులు చేసినవారు ఎవరైనా ఉన్నారా?

మెత్తలు మార్చడం గురించి నా సందేహం ఇంకా పెద్దది. మందమైన మెత్తలు వేస్తే స్పీకరు చెవికి దూరమై ధ్వని తీరు మారుతుంది. వెల్వెట్ లాంటి బట్ట మెత్తలతో చెమట తగ్గుతుంది గాని, సందుల్లోంచి గాలి పోయి బేస్ (మంద్ర ధ్వని) పలచబడుతుంది. పట్టీ మరీ వదులైనా ఇదే నష్టం, పైగా తల వంచితే జారిపోతుంది. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో అనే ఆన్-ఇయర్ హెడ్‌ఫోన్‌లో చెవులపై ఒత్తిడిని కొంత కణతలపైకి మళ్లించే చిన్న మెత్తలు ఉంటాయి. చాలా తెలివైన ఏర్పాటు అది. దాన్ని ఇతర హెడ్‌ఫోన్‌లకు అమర్చుకోవడం సాధ్యమేనా?

ధ్వని చెడకుండా సౌకర్యం పెంచుకోగలిగినవారు, ముఖ్యంగా కళ్లజోడు వాడేవారు, ఏ రకం మెత్తలు ఎంత మందంలో ఎంచుకున్నారో దయచేసి వివరంగా తెలియజేయగలరు.