అప్‌డేట్: జింక పేగులు అక్కడే వదిలేస్తే మిగతా జింకలు ఆ చోటికి రావా?

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూసేవాళ్ల కోసం: అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్నేహితుడి పొలం పక్క అడవిలో, లైసెన్స్ మీద వేటాడిన తెల్లతోక జింకను అక్కడే కోసి పేగులూ పొట్టా వదిలేశాం. ఆ వాసనకి మిగతావి ఆ దారి మానేస్తాయా అని అడిగాను.

మానలేదు. ఎదురుగా చెట్టుకి ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసేది) కట్టమన్న సలహాతోనే తేలింది. ముందు కాకులు, చీకటి పడ్డాక కయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు), తర్వాత బాల్డ్ ఈగిల్ (తెల్లతల గద్ద) వచ్చి తినిపోయాయి. చివరికి పొట్టలోని గడ్డి పచ్చటి ముద్దగా మిగిలింది. ఓ ఆడ జింక మెడ చాచి దాన్ని వాసన చూసి, కాస్త వెనక్కి జరిగి, మేసుకుంటూ పక్కనుంచే వెళ్లిపోయింది.

రాష్ట్ర వన్యప్రాణి విభాగంలో బయాలజిస్టునీ అడిగాం. జింకలు బెదిరేది మనుషుల రాకపోకలకీ తుపాకీ మోతకీ, పగలు తిరగడం తగ్గించేది అందుకే అన్నారు. వాసన రాకుండా పేగుల మీద సున్నం చల్లాలా, మట్టి కప్పాలా అన్న చర్చకి ఇక్కడ పనిలేకపోయింది.

నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే. జింకల మెదడుని దెబ్బతీసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఈ రాష్ట్రంలో 2002లో బయటపడింది. దాన్ని కలిగించే ప్రయాన్లు (రూపం చెడిన ప్రొటీన్లు) మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే తల, వెన్నెముక వేరే ఊరి అడవిలో పారేయకండి, ల్యాండ్‌ఫిల్‌కి (చెత్త పూడ్చే చోటికి) పంపండి. ఇంకోటి, సీసం తూటా తునకలు పేగుల్లో ఉండిపోతే అవి తిన్న గద్దలు విషమెక్కి చనిపోతాయి. వచ్చే సీజన్‌కి మేం రాగి తూటాలే కొంటున్నాం.