చల్లా యంబలి: ఆ దీర్ఘం ఎందుకు?

బెర్లిన్ బాటసారి: ఇక్కడ నాయ్‌కోల్న్‌లో మంగళ, శుక్రవారాలు కాలువ గట్టున టర్కీవాళ్ల సంత. భాష రాదు, వేళ్లతోనే బేరం. నిన్న ఒకావిడ రుచి చూడమని చెంచా అందించింది. తాహిన్, నువ్వులు రుబ్బిన ముద్ద. నోట్లో పడగానే శ్రీనాథుడి చాటువులోని ‘వెల్లుల్లిన్ దిలపిష్టమున్ మెసవితిన్’ అని వచ్చేసింది. తర్వాతిది గుర్తు రావట్లేదు, చల్ల ఏదో ఉండాలి. ఇంతకీ తిలపిష్టం ఇదేనా, మన తెలకపిండా?

గణాలరాయుడు: ‘విశ్వస్త వడ్డింపగా’. పెట్టినావిణ్నే మరిచిపోతే ఎలా! ఆపైన ‘చల్లా యంబలి ద్రావితిన్’. చల్ల కాదండీ, చల్లా. శార్దూల వృత్తం కదా, మొదట మగణం, అంటే మూడూ గురువులే. లఘువు పడితే పద్యం కుంటుతుంది.

పల్నాటి పిడుగు: గణం సరే, అర్థమో? పల్నాటి చాటువులో ‘జొన్నయంబలి’కి లేని దీర్ఘం చల్లకెందుకు? ఆ చాటువూ శ్రీనాథుడిదే అంటారు. ఛందస్సు కోసం సాగదీశాడంటే ఒప్పుకోను. ‘అమ్మా నాన్నా’ లాగా ‘చల్లా అంబలీ’. రెండూ విడివిడిగా తాగాడు.

గణాలరాయుడు: మరి ‘అంబలీ’లో రెండో దీర్ఘం ఏదీ?

పల్నాటి పిడుగు: సగణం మింగేసింది, అక్కడ లఘువే పడాలి.

వంటింటి వాగ్దేవి: పాపం ఆయన అడిగింది తిలపిష్టం. తెలకపిండి అంటే నూనె తీశాక మిగిలిన పిప్పి, దానికి సంస్కృతంలో పిణ్యాకం అని వేరే మాటుంది. అయినా నా ఓటు తెలకపిండికే. బాలింతకు వండితే వెల్లుల్లి లేకుండా వండం. పద్యంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, చూసుకోండి.

గణాలరాయుడు: బాలింత పథ్యం విశ్వస్త ఎందుకు వండుతుందండీ? అమరకోశంలో ఆ మాటకు విధవ అనే అర్థం.

వంటింటి వాగ్దేవి: వండేది ఎవరింట్లో అయినా పెద్దావిడేగా! అసలు నాకు జాలేసేది ఆ పద్యం మొదట్లో వచ్చే కుల్లాయి (టోపీ) దగ్గర. మాటే పారశీకం. అంతటి కవిసార్వభౌముడు ఊరుగాని ఊళ్లో నెత్తిన అది పెట్టుకుని ‘దయలేదా, నేను శ్రీనాథుడన్’ అని చెప్పుకోవాల్సి వచ్చింది. మన బాటసారి నయం, చెంచా అందించేవాళ్లున్నారు.

బెర్లిన్ బాటసారి: అదే సంతలో ఐరాన్ కూడా కొన్నాను. ఉప్పేసిన చల్లే. కాబట్టి: ‘చల్లా తాహిను మెక్కితిన్’.

గణాలరాయుడు: గణాలు కుదిరాయి! కానీ చల్ల మెక్కరు.

పల్నాటి పిడుగు: అది వదిలేయండి. ఇక్కడ ‘చల్లా’ అంటే ‘చల్లయును’ అనేగా? నేను మొదట్నుంచీ అంటున్నది అదే.