పాత ఫ్యాక్టరీ లుక్‌కి ఏ ఫాంట్ బాగుంటుంది?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాన్న లేత్ వర్క్‌షాప్‌కి ఇంగ్లిష్ అక్షరాల బోర్డు చేస్తున్నాను. ఇరుకుగా, పొడుగ్గా, అరిగిపోయినట్టుండే అక్షరాలు కావాలి. దించుకున్న ఫాంట్‌లో రెండు 'ఓ'లు పక్కపక్కన వస్తే రెండిటికీ ఒకేచోట ఒకే గీత! నకిలీ అని ఇట్టే తెలిసిపోతోంది.

జవాబు: అరిగిన ఫాంట్ వద్దు తమ్ముడూ. లీగ్ గోతిక్ తీసుకో, ఉచితం. మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో గీసిన ఆల్టర్నేట్ గోతిక్‌కి కొత్త రూపం అది. దానిమీద తుప్పు రేకు ఫొటోని మాస్క్‌గా, అంటే మరకలున్నచోట అక్షరం చెరిగినట్టు కనిపించేలా చేసే పొరగా, వెయ్యి. ఏ అక్షరం మరక దానికే ఉంటుంది.

ఇంకో జవాబు: ఫోన్ నంబరుని మాత్రం అరగదీయకండి. 3, 8 ఒకేలా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు: రేకు బదులు మా పాత లేత్ బెడ్ మీది గీతలే ఫొటో తీసి వేశాను. అద్భుతంగా కుదిరింది అన్నా!