వెలిసిందా, పాలిపోయిందా?

ప్రశ్న: ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసిన ఫొటో బాగా రాకపోతే మావాళ్లు 'వెలిసిపోయింది' అనేస్తున్నారు. అప్పుడే బయటికొచ్చిన ప్రింటుకి ఆ మాట నప్పుతుందా?

జవాబు: నప్పదనే అంటాను. వెలియాలంటే ముందు రంగంటూ ఉండాలి, అది కొన్నాళ్లకి పోవాలి. డై ఇంకుతో (రంగు ద్రవంలో కరిగి ఉండే ఇంకు) తీసిన ఫొటోని అద్దం బిగించకుండా కిటికీ ఎదురుగా తగిలించండి, అప్పుడు నిజంగానే వెలుస్తుంది. వెలుతురే కాదు, గాలిలోని ఓజోన్ కూడా ఆ రంగుని తినేస్తుంది. పిగ్మెంట్ ఇంకు (కరగని సన్నటి రంగు పొడి కలిపినది) ఇంతకన్నా చాలా కాలం నిలుస్తుంది.

వచ్చేటప్పుడే రంగు తక్కువగా వస్తే అది 'పాలిపోవడం'. మామూలు తెల్ల కాగితం మీద ఫొటో తీస్తే జరిగేది ఇదే: ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది. (ఈ రెండు 'ఇంకు'లకీ చుట్టరికం లేదు, చెవికి మాత్రం భలే కుదిరాయి.) ఫొటో పేపర్‌ని తిరగేసి పెడితే మాత్రం ఇంకు పీల్చుకోదు, వేలు తగిలితే చాలు 'అలుక్కుపోతుంది'. కాటుకకి వాడే మాటే.

ఇక 'చారలు'. ప్రింటర్‌ని వారాల తరబడి వాడకపోతే నాజిల్స్‌లో, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాల్లో, ఇంకు ఎండిపోయి ఫొటో మీద చారలు పడతాయి. మజెంటా (ముదురు గులాబీ ఇంకు) ఒక్కటీ రాకపోతే పెళ్లి ఫొటోలో అందరి మొహాలూ ఆకుపచ్చకి తిరుగుతాయి! ప్రింటర్‌లోనే ఉండే హెడ్ క్లీనింగ్ (ఆ రంధ్రాల్ని శుభ్రం చేసే పని) చేస్తే తెరుచుకోవచ్చు గానీ దానికీ ఇంకు ఖర్చవుతుంది.

రిపేరు చేసే మనిషికి ఫోన్‌లో 'ప్రింట్ బాగా రావట్లేదండీ' అంటే ఏం అర్థమవుతుంది? పాలిపోయిందో, అలుక్కుపోయిందో, చారలు పడ్డాయో చెబితే సగం పని అయినట్టే.

వ్యాఖ్య: 'తలలు తెగాయి' మర్చిపోయారు!

జవాబు: అది ప్రింటర్ తప్పు కాదండీ, కొలతల గొడవ. ఫోన్ ఫొటో పొడవు వెడల్పుల నిష్పత్తి సాధారణంగా 4:3. 4×6 అంగుళాల కాగితానిది 3:2. 6 అంగుళాల వైపు నిండాలంటే రెండో వైపు 4.5 కావాలి, ఉన్నది 4. ఆ అరంగుళం పైనో కిందో పోతుంది. ఫొటో మొత్తం పట్టేలా తెల్ల 'అంచులతో' తీస్తే తలలు దక్కుతాయి.

వ్యాఖ్య: మా అమ్మమ్మ ఇప్పటికీ 'ఫొటోలు కడిగించుకురా' అంటుంది.

జవాబు: ఫిల్ము రోజుల్లో అది అక్షరాలా నిజం. డెవలపర్, ఫిక్సర్ అయ్యాక ఫొటోని నీళ్లలో కడిగేవారు. అమ్మమ్మగారిని అలాగే అననివ్వండి. డై ఇంకు ప్రింటుని మాత్రం తడి చేతులతో ముట్టుకోనివ్వకండి.